బ్యాచ్ మధ్యలో ప్లగ్గుకి అప్‌డేట్ వద్దు

చాకీ గదిలో 27-28 డిగ్రీలు నిలపడానికి మనలో కొందరం హీటర్‌ని స్మార్ట్ ప్లగ్గుకి తగిలించాం. బళ్లారి, సిరుగుప్ప వైపు చలి రాత్రుల్లో సాయమే. కానీ ఆ ప్లగ్గు ఎవరి మాట వింటోంది? మన షెడ్డు వైఫైదా, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌దా?

2020లో బ్రిటన్‌లో టీపీ-లింక్ హెచ్ఎస్100, హెచ్ఎస్110 ప్లగ్గులకి ఒక అప్‌డేట్ వచ్చింది. దాంతో లోకల్ దారి మూసుకుపోయింది. ఇంట్లోని కంప్యూటర్‌లో హోమ్ అసిస్టెంట్ పెట్టుకుని నడుపుకునేవాళ్ల ప్లగ్గులు పలకడం మానేశాయి. ఇప్పుడు అదే కంపెనీ ట్యాపో యాప్‌లో 'థర్డ్ పార్టీ కంపాటిబిలిటీ' అని ఒక స్విచ్ ఉంది. అప్‌డేట్ తర్వాత హోమ్ అసిస్టెంట్‌కి ప్లగ్గు దొరకకపోతే ముందు అది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

అలాగని అప్‌డేట్లు అసలే వద్దనం, భద్రతా లోపాలు సరిచేసేవి అవే. ఆటో అప్‌డేట్ ఆపేసి, గూళ్లు అమ్మాక షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లో చేసుకుందాం. చేశాక వైఫై ఉంచి ఇంటర్నెట్ వైరు మాత్రం పీకండి (సిమ్ రౌటరైతే సిమ్ తీయండి). అప్పుడూ ప్లగ్గు ఆన్, ఆఫ్ అయితేనే కొత్త చాకీ దించండి.

అన్నట్టు, 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. రాత్రంతా నడిపేదానికి 16 ఆంపియర్ల ప్లగ్గే తీసుకోండి.