కొలతల గాదె

రామచంద్రపురం ప్రాంతపు రైతు పండిన ధాన్యమంతా అమ్ముకోడు. మరుసటి సార్వాకు విత్తనం దాచుకుంటాడు. శాస్త్ర పరిశోధనకు విత్తనం కొలతలే.

ప్రోటీన్ల వంటి జీవాణువుల నిర్మాణాన్ని తెలిపే పద్ధతులలో కేంద్రక అయస్కాంత అనునాదం ఒకటి. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచిన అణువుపై రేడియో తరంగాలను ప్రసరింపజేస్తే, అందలి కేంద్రకాలు తమ పరిసరాలను బట్టి వేర్వేరు పౌనఃపున్యాల వద్ద స్పందిస్తాయి. ఈ తేడాయే రసాయన విస్థాపనం. ఈ రంగంలో కృషికి కుర్ట్ వూత్రిక్ 2002లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. మన హైదరాబాదులోని సీసీఎంబీలోనూ ఇట్టి పరిశోధనలు సాగుతున్నాయి.

యంత్రం వెల కోట్ల రూపాయలు. అంత శ్రమతో సేకరించిన కొలతలు ప్రయోగశాలలోనే మరుగునపడితే అవి ఎవరికీ ఉపకరించవు. అందుకే 1980ల చివర అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బీఎంఆర్‌బీ అనే దత్తాంశ నిధి వెలసింది. 2006లో అది ప్రపంచ ప్రోటీన్ డేటా బ్యాంకు కూటమిలో చేరింది. ఈ పద్ధతిలో కనుగొన్న నిర్మాణాన్ని ఆ బ్యాంకుకు సమర్పించేవారు రసాయన విస్థాపనాలను కూడా అందజేయాలన్న నియమం 2010లో వచ్చింది. కొలతలు కళ్లెదుట ఉంటే పొరపాటును ఇతరులు సరిదిద్దగలరు.

విద్యార్థులారా! యంత్రం మన ఊరిలో లేకపోవచ్చు. ఆ కొలతలను మాత్రం మీరు రుసుము లేకుండా చూడవచ్చు.