కనిపించని గాయం: నరాల నొప్పి, మన బాధ్యత



మన విచారణల్లో పెద్దవారిని పలకరిస్తే తరచుగా వినిపించే మాట ఒకటున్నది: "పగలు ఎలాగో గడిచిపోతుందయ్యా, రాత్రి మంచం మీద వాలితే అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి." పాదం చూస్తే గాయం లేదు, వాపు లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ఇంట్లోవారు మొదట జాలిపడతారు, తరువాత విసుగుపడతారు, చివరకు "అదంతా నీ మనసులోనే ఉంది" అని తేల్చేస్తారు. నొప్పి చాలదన్నట్టు, అబద్ధమాడుతున్నారన్న నింద కూడా ఆ మనిషి మీద పడుతుంది.

నరాల నొప్పి అంటే ఏమిటి? దాని గురించి వైద్య పరిశోధన ఇంతవరకు ఏమి కనుగొన్నది? ఏళ్ళ తరబడి ఆ బాధతో జీవించేవారికి కుటుంబంగా, విచారణగా మనమేమి చేయగలం? ఈ వారం ఈ మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం.

1. నొప్పి ఒక కావలివాడు

నొప్పి అంటే ఎవరికీ ఇష్టం ఉండదు. కాని నొప్పి లేకపోతే శరీరానికి కాపలా ఉండదు. ఈ సత్యాన్ని వైద్యలోకానికి బాగా నేర్పినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. ఆయన 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు సేవ చేశారు. కుష్ఠు వ్యాధిలో వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అప్పటివరకు అందరూ నమ్మేవారు. ఆయన రోగుల చేతులను శ్రద్ధగా పరిశీలించారు. వ్యాధి నరాలను దెబ్బతీయడం వలన స్పర్శ పోతున్నది. స్పర్శ లేక, వేడి గిన్నె పట్టుకున్నా, మేకు గుచ్చుకున్నా వారికి తెలియడం లేదు. అలా పట్టించుకోని గాయాలే వేళ్ళను పోగొడుతున్నాయని ఆయన గుర్తించారు.

2006లో పాకిస్తాన్ ఉత్తర ప్రాంతానికి చెందిన మూడు కుటుంబాలపై జరిగిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. ఆ కుటుంబాల పిల్లలు కొందరు పుట్టినది మొదలు నొప్పి ఎరుగరు. తెలియక తమ పెదవులను, నాలుకను కొరుక్కున్నారు. వారి బంధువర్గంలోని ఒక బాలుడు వీధుల్లో చేతులకు కత్తులు గుచ్చుకొని, నిప్పుల మీద నడిచి ప్రదర్శనలిచ్చేవాడు. పద్నాలుగేళ్ళు నిండకుండానే మేడ మీద నుండి దూకి చనిపోయాడు. ఒకే ఒక జన్యువులోని లోపం దీనికి కారణమని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

2. కావలివాడే అబద్ధపు కేకలు వేస్తే

దొంగ వచ్చినప్పుడు కేక వేయడం కావలివాడి పని. దొంగ లేకపోయినా రాత్రంతా కేకలు వేస్తూ ఉంటే? నరాల నొప్పి అలాంటిది. దెబ్బ తగిలినప్పుడు కలిగే మామూలు నొప్పిలో నరం కేవలం కబురు మోస్తుంది. నరాల నొప్పిలో ఆ కబురు మోసే తీగే చెడిపోయి ఉంటుంది. అందుకే గాయం లేకుండానే మంట, సూదులు గుచ్చినట్టు పోటు, కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనడం, తిమ్మిరి కలుగుతాయి. కొందరికి దుప్పటి తగిలినా భరించలేని నొప్పి వస్తుంది.

1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో సైలాస్ వియర్ మిచెల్ అనే వైద్యుడు తుపాకి గుండ్లు తగిలిన సైనికులకు చికిత్స చేశాడు. గాయాలు మానిపోయాయి కాని చేతులలో మంట పోలేదు. ఆ సైనికులు ఎప్పుడూ చేతిని తడిగుడ్డతో తడుపుకుంటూనే ఉండేవారు. చెయ్యి లేక కాలు తీసివేసిన తరువాత కూడా ఆ లేని అవయవంలోనే నొప్పి ఉందని చెప్పినవారిని సైతం ఆయన నమ్మి, వారి మాటలను గ్రంథస్థం చేశాడు. నరాల నొప్పిని గురించిన వైద్యశాస్త్రం అలా రోగి మాటను నమ్మడంతోనే ముందడుగు వేసింది.

తరువాత 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ఒక "ద్వారం" వంటి ఏర్పాటు ఉన్నదని, అది నొప్పి కబుర్లను కొన్నిసార్లు ఎక్కువగా, కొన్నిసార్లు తక్కువగా మెదడుకు పంపుతుందని ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉండటానికి వారు చెప్పిన కారణం ఇదే. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఇంకొక మెట్టు ఎక్కారు. పదే పదే నొప్పి కబుర్లు వచ్చిపడితే వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయని చూపించారు. అందుకే మొదటి కారణం తగ్గినా నొప్పి ఉండిపోవచ్చు.

మరి పరీక్షలో ఎందుకు కనిపించదు? నరాల వేగాన్ని కొలిచే పరీక్ష పెద్ద నరపోగుల పనినే కొలుస్తుంది. మంటను, నొప్పిని మోసేవి అతి సన్నని పోగులు. అవి మాత్రమే చెడిపోయినప్పుడు ఆ పరీక్ష "నార్మల్" అనే రావచ్చు. కాబట్టి రిపోర్టు బాగున్నంత మాత్రాన నొప్పి లేదని కాదు.

3. ఎవరికి వస్తుంది?

అన్నింటికంటే ముందు చెప్పవలసినది చక్కెర వ్యాధి. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నది. పాదాలకు వెళ్ళే నరాలు శరీరంలోకెల్లా పొడవైనవి గనుక వాటి చివరలు ముందుగా దెబ్బతింటాయి. వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు తిమ్మిరి, మంట పైకి పాకుతాయి.

రెండవది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన క్రిమి నరాలలో దాగి ఉండి పెద్దతనంలో మళ్ళీ లేస్తుంది. పొక్కులు మానినా కొందరికి నెలలు, ఏళ్ళు మంట మిగులుతుంది. మూడవది ముఖంలో మెరుపులా వచ్చే నొప్పి. దీనిని పంటి నొప్పి అనుకొని మంచి పళ్ళు పీకించుకొన్నవారున్నారు. ఇవి కాక వెన్నుపూసల మధ్య నరం నలగడం, కుష్ఠు వ్యాధి, మద్యపానం, బి12 విటమిన్ లోపం, కొన్ని కాన్సర్ మందులు కూడా కారణాలు.

4. మిరపకాయ నేర్పిన పాఠం

గుంటూరు మిరపకాయ కొరికితే నోరు మండుతుందని మనకందరికీ తెలుసు. నిజంగా నోరు కాలలేదే, మరి మండినట్టు ఎందుకుంటుంది? 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీనికి జవాబు కనుగొన్నది. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం నరాల చివరలో ఉన్న ఒక తలుపును తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునేది కూడా ఆ తలుపే. అందుకే మెదడుకు కారానికీ కాలడానికీ తేడా తెలియదు. ఈ పరిశోధనకు 2021లో ఆయనకు, స్పర్శపై పనిచేసిన ఆర్డెమ్ పటపౌటియన్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఎక్కువ మోతాదు కాప్సైసిన్ తగిలిస్తే ఆ నరాల చివరలు కొన్నాళ్ళు అలసి మొద్దుబారుతాయి. ఆ సూత్రంతో తయారైన పట్టీని సర్పి తరువాతి నొప్పికి 2009లో అమెరికా అనుమతించింది. అది ఆసుపత్రిలో వేసేది. ఇంట్లో కారం నూరి రాయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

మందుల విషయంలో పాఠకులు తెలుసుకోవలసిన ముఖ్య సంగతి ఉన్నది. డైక్లోఫెనాక్ వంటి సాధారణ నొప్పి మాత్రలు నరాల నొప్పికి అంతగా పనిచేయవు. మందుల షాపులో కొని ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు చెడతాయి. నరాల నొప్పికి వాడే మందులు వేరు. మూర్ఛకు వాడే కార్బమజిపైన్ ముఖపు నొప్పికి పనిచేస్తుందని 1962లో తెలిసింది. గాబాపెంటిన్, ప్రెగాబలిన్ కూడా మూర్ఛ మందుల తరగతివే. అమిట్రిప్టిలిన్, డులోక్సిటిన్ మనోవ్యాకులతకు వాడేవి. "నాకు పిచ్చి మాత్రలిచ్చారు" అని కొందరు చీటీ చించేస్తారు. అది పొరపాటు. అతిగా కేకలు వేసే నరాన్ని శాంతపరచడానికే వాటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మత్తు, తల తిరగడం, నోరు ఎండటం వంటి ఇబ్బందులుంటే వైద్యునికి చెప్పాలి. వాటంతట వాటిని ఒక్కసారిగా ఆపివేయకూడదు.

ఈ మందులు అందరికీ పనిచేస్తాయా? లేదు. 2015లో అనేక పరీక్షలను కలిపి లెక్క వేశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారికంటే అదనంగా ఒక్కరికి నొప్పి సగం తగ్గాలంటే అమిట్రిప్టిలిన్ తరగతి మందును సుమారు నలుగురికి, ప్రెగాబలిన్‌ను సుమారు ఎనిమిది మందికి ఇవ్వవలసి ఉంటుందని తేలింది. 2022లో బ్రిటన్‌లో 130 మంది చక్కెర రోగులపై జరిగిన పరీక్షలో, ఒక మందు చాలనప్పుడు రెండవది చేరిస్తే మరికొంత మేలు కలిగింది. కనుక మొదటి మందు పనిచేయకపోతే నిరాశపడనక్కరలేదు. పూర్తిగా నయం కావడానికి బదులు, నిద్ర పట్టి నాలుగడుగులు నడవగలిగినా అది గొప్ప మేలే.

5. ముందు జాగ్రత్తలు

చక్కెర అదుపులో ఉంచడమే మొదటి మందు. చిన్న వయసులో వచ్చే చక్కెర వ్యాధిపై 1993లో వెలువడిన అధ్యయనంలో గట్టి అదుపు వలన నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నవారు బి12 పరీక్ష గురించి వైద్యుని అడగాలి. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి, లేదా ఇంట్లోవారు చూడాలి. వేడినీళ్ళ కాపడం పెట్టేముందు మరొకరి చేత్తో వేడి చూడాలి. గుడి బయట చెప్పులు విడిచి ఎండకు కాలిన గచ్చు మీద నడవడం, మొక్కు పేరుతో చెప్పులు లేకుండా పాదయాత్ర చేయడం స్పర్శ తగ్గినవారికి ప్రమాదకరం. వారు మెత్తటి చెప్పులతో వస్తే ఎవరూ తప్పుపట్టరాదు.

సర్పి పొక్కులు కనిపిస్తే పసరు, మంత్రం అంటూ కాలయాపన చేయక 72 గంటల లోపు వైద్యుని వద్దకు వెళ్ళాలి. 50 ఏళ్ళు దాటినవారికి దీని నివారణ టీకా 2023 నుండి మన దేశంలో కూడా లభిస్తున్నది.

6. మందు వాడితే విశ్వాసం తక్కువా?

"ప్రభువు సిలువ మోశాడు, నేనీ నొప్పి ఓర్చుకోలేనా?" అని మాత్ర మానివేసే భక్తులున్నారు. వారి భక్తి గొప్పదే. కాని శ్రీసభ అలా బలవంతపెట్టదు. 1957 ఫిబ్రవరి 24న పన్నెండవ పయస్ పోపు గారు మత్తు వైద్యులతో మాట్లాడుతూ, నొప్పిని తగ్గించుకోవడం క్రైస్తవునికి తగిన పనే అని స్పష్టపరిచారు. స్వచ్ఛందంగా బాధను అర్పించడం వేరు, దానిని అందరికీ విధి అనడం వేరు. 1984లో పునీత రెండవ జాన్ పాల్ పోపు గారు బాధను గురించి వ్రాసిన లేఖలో మంచి సమరయుని గుర్తుచేశారు. సమరయుడు గాయపడినవానికి ఓర్పును బోధించలేదు. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు భరించాడు.

పునీత పౌలు గారు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్నారు. అడగడం తప్పు కాదని దాని భావం. ముల్లు తొలగలేదు, దానిని భరించే కృప దొరికింది. ఎంత వైద్యం చేసినా కొంత నొప్పి మిగిలిపోయే మన రోగులకు ఇది దగ్గరి మాట.

7. యోబు స్నేహితులు

యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలంతా అదే. నోరు తెరిచిన తరువాత అతన్నే నిందించారు. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి ఇచ్చిన కొత్త నిర్వచనంతో పాటు ఒక వివరణ చేర్చింది: నొప్పిగా ఉందని ఒకరు చెబితే ఆ మాటను గౌరవించాలి, నోటితో చెప్పలేనివారికి నొప్పి లేదనుకోరాదు. పసిపిల్లలకు, మాట పడిపోయిన వృద్ధులకు ఇది వర్తిస్తుంది.

కాబట్టి ఇంట్లో చేయగలిగినవి చేద్దాం. "ఇంకా తగ్గలేదా?" అనే బదులు "ఈ రోజు ఎలా ఉంది?" అని అడుగుదాం. నొప్పి ఎప్పుడు పెరిగింది, నిద్ర ఎంత పట్టింది అని ఒక నోటు పుస్తకంలో వ్రాసిపెడితే వైద్యునికి ఎంతో ఉపయోగం. ఓపికను బట్టి కొద్ది నడక, చిన్న పని ఉండనిద్దాం. దీర్ఘకాల నొప్పి మనిషిని కుంగదీస్తుంది. బ్రతకాలని లేదు అన్న మాట వినిపిస్తే తేలికగా తీసుకోక వెంటనే వైద్యసహాయం తీసుకుందాం.

విచారణలో కూడా పని ఉన్నది. పూజలో మోకరించలేనివారు కూర్చుంటే వారిని చిన్నచూపు చూడవద్దు. రాలేనివారికి దివ్యసత్ప్రసాదం ఇంటికి అందేలా గురువులకు తెలుపుదాం. వ్యాధిగ్రస్తుల అభ్యంగనము చావు ఘడియకే పరిమితం కాదని, తీవ్రమైన అనారోగ్యంలో ఉన్నవారికి కూడా అని రెండవ వాటికన్ మహాసభ గుర్తుచేసింది. 1993 నుండి ఏటా ఫిబ్రవరి 11న ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం జరుపుకుంటున్నాం. గుణదల మరియమాత ఉత్సవాలు జరిగేదీ ఆ రోజుల్లోనే. ఆ ఒక్క రోజు ప్రార్థించి ఊరుకోక, మన వీధిలో నొప్పితో ఉన్నవారిని నెలకొకసారైనా చూసివద్దాం.

కుటుంబంలో చర్చించుకొనుటకు

1. మన ఇంట్లో ఎవరి నొప్పినైనా నమ్మకుండా తేలికగా తీసుకొన్నామా? వారితో ఇప్పుడు ఏమి చెప్పాలి?
2. చక్కెర వ్యాధి ఉన్నవారి పాదాలను రోజూ ఎవరు చూస్తారు?
3. వైద్యుని చీటీ లేకుండా మన ఇంట్లో వాడుతున్న నొప్పి మాత్రలు ఏవి?
4. ఈ నెలలో మనం చూడవలసిన రోగి ఎవరు? ఏ రోజున వెళ్దాం?