ఎనిమిదవ ఆజ్ఞ, మన చేతిలోని ఫోను



2016లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ ఫేస్‌బుక్‌లో ఒక వార్త గుప్పుమన్నది. ఫ్రాన్సిస్ పోపుగారు డొనాల్డ్ ట్రంప్‌కు మద్దతు పలికారట! అది పచ్చి అబద్ధం. పోపుగారు ఏ అభ్యర్థినీ బలపరచలేదు. అయినా దానికి వచ్చిన స్పందనలు, వ్యాఖ్యలు, పంపకాలు కలిపి 9 లక్షలు దాటాయి.

ఇటువంటి కథలు అల్లేవారిలో చాలామందికి కావలసింది డబ్బు. పేజీ ఎంతమంది తెరిస్తే ప్రకటనల ఆదాయం అంత. మన కోపమూ ఆత్రుతా వారికి పెట్టుబడి.

2018 ప్రపంచ సమాచార మాధ్యమాల దినోత్సవ సందేశంలో ఫ్రాన్సిస్ పోపుగారు ఈ మోసాన్ని ఏదెను తోటలోని సర్పం తంత్రంతో పోల్చారు. అబద్ధం నిజం వేషంలోనే వస్తుంది.

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తున్నది. “నేను వ్రాయలేదు, పంపానంతే” అన్నంత మాత్రాన తప్పు తొలగిపోదు. విచారించకుండా మోసుకెళ్ళినవారు కూడా పొరుగువాని మంచిపేరుకు హాని చేసినవారే.

కనుక అమెరికాలో ఉన్న మన బిడ్డలే పంపిన వార్త అయినా, ముందు అడగండి: ఇది ఎవరు చెప్పారు? నిజమేనా? ఇదివరకే తప్పుడు వార్త పంపి ఉంటే, పంపిన చోటనే సరిదిద్దండి. పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధనలో ఫోనును మరువకండి.