వెనుక నడచువాడు

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 10:25–33, ద్వితీయోపదేశకాండము 25:17–18, ఆదికాండము 33:12–14



గడచిన జనవరి మాసములో మా సంఘమునుండి 16 మందిమి నల్లమల అడవిలో ఒక దినము కాలినడకను వెళ్లితిమి. యౌవనస్థులు చాలకాలమునుండి అడుగుచున్నందున నంద్యాల జిల్లా ఆత్మకూరు మీదుగా బైర్లూటి చేరి, అటవీశాఖవారి అనుమతి పొంది, ఒక చెంచు మార్గదర్శి వెంట బయలుదేరితిమి. ఆ అడవి మన ఊరి చివరి తోపువంటిది కాదు. 1983లో పులుల సంరక్షణ క్షేత్రముగా ప్రకటింపబడిన మహారణ్యములోని భాగమది. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాత ఆంధ్రప్రదేశ్ వైపున నిలిచిన భాగమే 3,000 చదరపు కిలోమీటర్లకు మించియున్నది. పులి, చిరుత, ఎలుగుబంటి, కణుజు, దుప్పి అందు సంచరించును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములో అనుమతి లేక ప్రవేశింపరాదు, నిప్పు పెట్టరాదు.

ఆ దినమున మేము నేర్చుకొనిన మూడు సంగతులను ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము. వాటిలో ఒకటి మా తప్పువలన నేర్చుకొనినది. దానిని దాచక చెప్పెదము.

1. త్రోవ తెలిసినవాని మాట వినుట

బయలుదేరకముందు మార్గదర్శి మమ్మును వరుసగా నిలువబెట్టి లెక్కించెను. వరుస తప్పవద్దనియు, బిగ్గరగా మాటలాడవద్దనియు, కాగితము గాని ప్లాస్టిక్ గాని పారవేయవద్దనియు చెప్పెను. ఎవరైనను ఒంటరిగా మిగిలినయెడల త్రోవ వెదకుచు తిరుగక, ఉన్నచోటనే నిలిచి చప్పట్లు కొట్టవలెననెను. నడచునప్పుడు ఆయన కన్నులకంటె చెవులు ఎక్కువగా పనిచేయుచుండెను. కొండముచ్చు హఠాత్తుగా అరచినను, దుప్పి కేకవేసినను ఆగి వినును. పులియో చిరుతయో కదలినప్పుడు అవి అట్లు హెచ్చరించునట. సెమినరీలో గ్రీకు అక్షరములు నేర్చుకొనిన మాకు, వాగు ఇసుకమీది ఆ అడుగుల అక్షరములు ఒక్కటియు తెలియలేదు.

మోషే హోబాబును బ్రతిమాలిన సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. ఇశ్రాయేలీయులకు మేఘమున్నది, ముందు నడచు మందసమున్నది. మోషే తానే మిద్యానులో 40 సంవత్సరములు గడిపినవాడు. అయినను ఆ అరణ్యమును ఎరిగిన హోబాబును తమకు కన్నులుగా నుండుమని అడిగెను. అతడు మొదట రానని చెప్పగా మోషే మరల అడిగెను. ఇది అవిశ్వాసమా? కాదు. దేవుని నడిపింపును నమ్మినవాడు, దేవుడు తన ప్రక్కన నిలిపిన మనుష్యుని జ్ఞానమును త్రోసివేయడు. హోబాబు రెండవసారి ఏమి ఉత్తరమిచ్చెనో అక్కడ వ్రాయబడలేదు గాని, న్యాయాధిపతులు 1:16లో మోషే మామ సంతతివారు యూదా వంశస్థులతో కూడ నుండుట చూచుచున్నాము. చదువురానివారని మనము తలంచువారియొద్ద కూర్చుండి నేర్చుకొనుటకు మనకు సిగ్గుండరాదు.

2. వెనుకటి భాగమును కాచుట

మార్గదర్శి మాతో ఇట్లనెను: “అయ్యగారూ, నేను ముందర ఉంటా. మీరు అందరికన్నా ఎనక రండి. మీ ఎనక ఎవరూ ఉండగూడదు.” అది చిన్నపనియని తలంచి ఒప్పుకొంటిమి.

రెండు గంటలు నడచిన తరువాత స్త్రీల సమాజములోని ఒక తల్లి, 60 ఏండ్లు దాటినది, కాలిలో ముల్లు గ్రుచ్చుకొని ఒక రాతిమీద కూర్చుండెను. అదే సమయమున యౌవనస్థులు ముందునుండి చేతులూపి పులి అడుగు చూడుమని మమ్మును పిలిచిరి. “రెండు నిమిషాల్లో వస్తానమ్మా” అని ఆమెతో చెప్పి మేము ముందుకు పోతిమి. ఇసుకలో ఆ అడుగు చూచితిమి, ఆశ్చర్యపడితిమి, అందరితో కలిసి మాటలలో పడి సాగిపోతిమి.

తరువాతి వాగునొద్ద మార్గదర్శి మరల లెక్కించెను. 15 మందిమే యుంటిమి. “ఎనక ఎవరున్నారు?” అని ఆయన మమ్మును చూచి అడిగెను. మాయొద్ద ఉత్తరము లేదు. ఆయన కోపపడలేదు. అందరిని ఒకచోట కూర్చుండబెట్టి, కదలవద్దని చెప్పి వెనుకకు వెళ్లెను. ఆ కొద్దిసేపు మాకు ఎంత దీర్ఘముగా నుండెనో చెప్పజాలము. ప్రార్థింపబోయినను మాట రాలేదు. ఆయన ఆమెను నడిపించుకొని వచ్చినప్పుడు ఆమె మమ్మును నిందింపలేదు. “వస్తానంటిరి గదా అయ్యగారూ, అందుకే కదలకుండా కూచున్నా” అనెను.

ప్రియులారా, అమాలేకీయులు ఇశ్రాయేలీయుల ముందువరుసను కొట్టలేదు. అలసి, సొమ్మసిల్లి, వెనుకబడిన బలహీనులను కొట్టిరి. సీనాయినుండి బయలుదేరునప్పుడు దేవుడు నియమించిన క్రమమును చూడుడి. అన్ని పాళెములకు వెనుక దాను పాళెము నడచెను. సంఖ్యాకాండము 2:31 ప్రకారము ఆ పాళెములో 1,57,600 మంది యుండిరి. యూదా పాళెము తప్ప మిగిలినవాటన్నిటికంటె అది పెద్దది. వెనుకటి కావలి బలహీనులకు విడువబడలేదు, బలవంతులకు అప్పగింపబడెను. యెషయా 52:12లో దేవుడు తానే తన ప్రజలకు ముందు నడచువాడుగాను వెనుకటి కావలివాడుగాను కనబడుచున్నాడు. ఆయన చేయు పనిని మేము చిన్నదనుకొంటిమి.

3. మెల్లగా నడచువారి నడకను బట్టి నడచుట

వాగునొద్ద మార్గదర్శి వరుసను మార్చెను. ఆ తల్లిని తనకు వెంటనే వెనుక నిలిపి, అందరు ఆమె నడకనే నడువవలెనని చెప్పెను. మెల్లగా నడచువారు చివరనుండినయెడల, ముందువారు ఆగి విశ్రమించి, వీరు చేరగానే మరల లేచిపోవుదురు. అలసినవారికే విశ్రాంతి దొరకదు. అట్టివారు ముందుండినయెడల గుంపు విడిపోదు. మమ్మును మరల చివరకే పంపెను. సాయంకాలమునకు 16 మందిమి కలిసి బయటికి వచ్చితిమి.

యాకోబునకు ఈ సంగతి తెలిసియుండెను. ఏశావు కలిసి పోవుదమనగా, పిల్లలు పసివారనియు, పాలిచ్చు గొఱ్ఱెలు పశువులు తనతో నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చుననియు చెప్పి, వాటి నడకకు తగినట్టు మెల్లగా వచ్చెదననెను. మన సంఘములలో ఎవరి నడకను బట్టి మనము నడచుచున్నాము? చదువగలవారికి, పాడగలవారికి, కానుక ఇయ్యగలవారికి తగినట్టే అన్నియు ఏర్పరచినయెడల, మిగిలినవారు ఎక్కడ కూర్చుండియున్నారో మనకు తెలియదు.

ఇంటికి వచ్చి

ఆ రాత్రి మేము సంఘ సభ్యుల పుస్తకము తెరచి చూచితిమి. అడవిలో ఒక తల్లితో చెప్పిన మాటను ఇంకెన్ని వాకిళ్లలో చెప్పితిమో అప్పుడు కనబడెను. మంచముపట్టిన ఒక తండ్రితో ప్రభురాత్రి భోజనము ఇంటికి తెచ్చి ఇచ్చెదమని క్రిస్మసునకు ముందు చెప్పి మరచితిమి. మిరపపంట పోయి అప్పులపాలైన ఒక సహోదరుడు ఆరాధనకు రాక ఎన్నో ఆదివారములాయెను. మరల కలిసికొందమని త్రోవలో చెప్పితిమే గాని ఆయన గడప త్రొక్కలేదు. యేసు బాలుడైయున్నప్పుడు, ఆయన గుంపులోనే యున్నాడనుకొని తలిదండ్రులు ఒక దినప్రయాణము సాగిపోయిరి (లూకా 2:44). మేమును వీరందరు గుంపులోనే యున్నారనుకొంటిమి.

మరునాడు ఆ తండ్రి ఇంటికి వెళ్లితిమి. “వచ్చినారా అయ్యా” అని మాత్రము అనెను. సహోదరుడు ఇంకను ఆరాధనకు రాలేదు. మేము ఆయన ఇంటికి వెళ్లుచునే యున్నాము.

ఇంటిలోను కూటములలోను ఆలోచించుటకు:

1. మీ సంఘములో వెనుక నడచు పని ఎవరిది? దానికి ఎవరినైనను నియమించితిరా?
2. గడచిన మూడు నెలలలో “మరల వచ్చెదము” అని చెప్పి మీరు వెళ్లని ఇల్లు ఏది?
3. ఒంటరిగా మిగిలినవారు తిరుగక నిలిచి పిలువవలెను. మీ కష్టములో మీరు సంఘమును పిలిచితిరా, లేక సిగ్గుపడి ఊరకుంటిరా?

ప్రార్థన: మా ముందును మా వెనుకను నడచు ప్రభువా, మేము మాట ఇచ్చి మరచినవారిని నీవు మరువలేదు. వారియొద్దకు తిరిగి వెళ్లుటకు మాకు కాళ్లను, సిగ్గువిడిచి క్షమాపణ అడుగుటకు మాకు నోటిని దయచేయుము. ఒక్కరును తప్పకుండ నీ ఇల్లు చేరునట్లు మమ్మును నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.