కాగితముపై పరీక్ష - కంప్యూటరులో మార్కులు

మార్చి నెల వచ్చినదనగా మన పల్లెలలో పదవ తరగతి, ఇంటర్మీడియేటు చదువు పిల్లలున్న యిండ్లలో చాల ప్రొద్దుపోవువరకు దీపములు వెలుగుచుండును. ఈ పిల్లలు పరీక్ష వ్రాయునది నేటికిని కాగితముపైననే. కాని ఆ కాగితము పరీక్షా మందిరము దాటిన పిమ్మట సాగు ప్రయాణము పూర్వమువంటిది కాదు. పూర్వము ఉపాధ్యాయుడు ఎఱ్ఱ సిరాతో దిద్ది, మార్కులు కూడి, పట్టీలో వ్రాసి పంపెడివాడు. నేడు ఆ మార్కులను చదువునది, కూడునది, వానిని పిల్లవాని పేరుతో జతపఱచునది కంప్యూటరు.

గ్రామములకు వెళ్లినపుడు మేము తఱచుగా రెండు మాటలు వినుచున్నాము. "మిషను దిద్దినది గదా, తప్పెట్లుండును?" అనువారు కొందఱు. "మిషను దిద్దినది, ఇక ఎవరి నడుగవలెను?" అనువారు మఱికొందఱు. మొదటి మాట అతి నమ్మకము, రెండవది నిస్పృహ. ఫలితములు వచ్చిననాడు దిగులుపడిన తండ్రి మొదట తట్టునది వార్డు సభ్యుని తలుపో, సర్పంచిగారి తలుపో గనుక, ఈ యంత్రము చేయునదేమి, చేయలేనిదేమి అను సంగతి పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట అవసరము.

యంత్రము అక్షరములను చదువదు

జవాబులను యంత్రముచేత లెక్కించు ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రమున రెనాల్డ్ జాన్సన్ అను హైస్కూలు ఉపాధ్యాయుడుండెను. పెన్సిలు గీతగుండా విద్యుత్తు ప్రవహించునని ఆయనకు చిన్ననాటి చిలిపిచేష్టలవలన తెలియును; మోటారుకారు ఇంజనులోని స్పార్కు ప్లగ్గుపై పెన్సిలుతో గీసిన కారు కదలదు. ఆ సూత్రమునే ఆధారముగ గొని, పిల్లలు పెన్సిలుతో గుర్తించిన జవాబులను లెక్కించు యంత్రమును ఆయన రూపొందించెను. ఐ.బి.యం. సంస్థ 1938లో దానిని విపణికి తెచ్చెను. తరువాతి కాలమున కంప్యూటరు డిస్కును నిర్మించిన బృందమునకు నాయకుడైనదియు ఈ ఉపాధ్యాయుడే. 1950 ప్రాంతపు దశాబ్దిలో అయోవా విశ్వవిద్యాలయమున లిండ్‌క్విస్ట్ అను ఆచార్యుడు విద్యుత్తునకు బదులు వెలుతురుతో గుర్తులను చదువు యంత్రమును తయారుచేయించెను. మనము ఓ.యం.ఆర్. అని పిలుచు పత్రము ఆ సంతతికి చెందినదే.

ఓ.యం.ఆర్. పత్రముపై వరుసలుగ చిన్న చిన్న వృత్తములుండును. పిల్లలు వీనిని బబుల్స్ అందురు. పత్రము అంచున నల్లని చిన్న కడ్డీలు అచ్చువేయబడియుండును. ఏ వరుస ఎచట నున్నదో యంత్రము ఆ కడ్డీలనుబట్టి గుర్తించును. పిదప ఒక్కొక్క వృత్తముపై వెలుతురు ప్రసరింపజేసి, అందు నలుపు ఎంత గలదో కొలుచును. నిర్ణయించిన మేరకు మించి నలుపున్న "నింపినది", లేకున్న "ఖాళీ". యంత్రమునకు తెలిసిన చదువు ఇంతియే. పిల్లవాడు హాల్‌టిక్కెట్టు నంబరును గడులలో ముత్యములవలె వ్రాసినను, క్రింది వృత్తములలో 2కు బదులు 3ను నింపినచో యంత్రము మూడునే నమ్మును. సగము నింపినను, రెండు వృత్తములు నింపినను, పత్రమును మడిచినను, వైట్‌నర్ పూసినను పిల్లవాని ఉద్దేశమును అది గ్రహింపజాలదు. చేతితో దిద్దు ఉపాధ్యాయుడు "పాపము, కొట్టివేసి మార్చినాడు" అని గ్రహించును. యంత్రమున కా దయ లేదు, పక్షపాతమును లేదు.

వ్యాసరూపమున జవాబులు వ్రాయు పదవ తరగతి, ఇంటర్మీడియేటు పరీక్షలలో ఓ.యం.ఆర్. పత్రమునకు వేఱొక పని గలదు. జవాబు పుస్తకమునకు ముందు దానిని జతచేయుదురు. ఒక భాగమున పిల్లవాని వివరములుండును, మఱియొక భాగమున మార్కులకు చోటుండును. రెండింటిపైనను ఒకే బార్ కోడ్, అనగా దుకాణములో సబ్బుపెట్టెపై కనబడు నల్లగీతలవంటి గుర్తు, ఉండును. దిద్దుటకు ముందే పేరున్న భాగమును చించి వేఱుచేయుదురు. కావున దిద్దు అధ్యాపకునికి ఆ పుస్తకము ఎవరిదో, ఏ ఊరిదో తెలియదు. సర్పంచిగారి అబ్బాయియైనను, పాలేరు బిడ్డయైనను ఆయనకొక్కటే. ఆయన దిద్ది, మార్కులను వృత్తములలో నింపును. చివరకు కంప్యూటరు బార్ కోడ్ ఆధారముగ రెండు భాగములను తిరిగి కలుపును. ఈ యేర్పాటులో మేము మిక్కిలి మెచ్చు గుణము ఈ పేరు తెలియకపోవుటయే.

తొంబదితొమ్మిది సున్నయైన విధము

అయినను ఈ మార్గములో మనుష్యుని చేయి పడు చోట్లు చాల గలవు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడెను. పరీక్షలు వ్రాసినవారు 9 లక్షలకు పైబడినవారు. వారిలో 3 లక్షలకు పైగా తప్పిరి. మొదటి సంవత్సరము మంచి మార్కులు తెచ్చుకొన్న ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినట్లు కనబడెను. జవాబు పుస్తకమును తిరిగి చూడగా ఆమెకు వచ్చినవి 99 మార్కులు! దిద్దిన అధ్యాపకురాలు మార్కుల వృత్తములు నింపునపుడు తొమ్మిదులకు బదులు సున్నలు నింపినది. సరిచూడవలసినవారును దానిని గమనింపలేదు. యంత్రము తన ముందున్నదానిని ఉన్నట్లే చదివినది. ఆ ఫలితములలో ఇదికాక మఱికొన్ని దోషములు కంప్యూటరు లెక్కలలోనే దొరలినవి. పరీక్షకు హాజరైనవారిని రానివారుగ చూపుట అందొకటి.

ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించి, తప్పినవారందఱి జవాబు పుస్తకములను రుసుము లేకుండ తిరిగి పరిశీలింపజేసెను. దానివలన 1,137 మంది ఉత్తీర్ణులైరి. ఈలోపల ఆ ఫలితములు చూచి పలువురు పిల్లలు ప్రాణములు తీసికొనిరి. మార్కుల పట్టీని సరిదిద్దుటకు మార్గము గలదు, ఆ పిల్లలను తెచ్చుటకు లేదు. కావుననే ఫలితములు వచ్చు వారమున పంచాయతీ సభ్యులు తమ వార్డులో పరీక్ష వ్రాసిన పిల్లలున్న యిండ్ల నొకసారి చూచివచ్చుట మంచిదని మేము భావించుచున్నాము. "తప్పినది పరీక్ష, మేము చూచెదము, కాగితము తెప్పించెదము, సప్లిమెంటరీ పరీక్ష గలదు" అని చెప్పుటకు ఒక పెద్దమనిషి యుండిన చాలును. దిగులు ఎక్కువగ నున్నవారు 14416 నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసి మాట్లాడవచ్చును. ఇది కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి-మానస్ సేవ. రుసుము లేదు, తెలుగులో మాట్లాడువారుందురు. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అంకెలతో వ్రాయించుటకు పెద్ద ఖర్చు కాదు.

2019 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశమున గ్రామ, వార్డు సచివాలయముల ఉద్యోగములకు పరీక్షలు జరిగినవి. 1,26,000కు పైగా ఉద్యోగములు. వ్రాసినవారు లక్షలలో గలరు. సెప్టెంబరు 1 నుండి 8 వఱకు ఓ.యం.ఆర్. పత్రములపై పరీక్ష జరుగగా, 19వ తేదీకి ఫలితములు వెలువడెను. నేడు మీ పంచాయతీలో పనిచేయుచున్న కార్యదర్శియో, సర్వేయరో, వ్యవసాయ సహాయకుడో ఆ పత్రమునందు వృత్తములు నింపివచ్చినవారే కావచ్చును. అంతటి పనిని చేతులతో దిద్దించిన ఎన్ని నెలలు పట్టెడిదో ఊహించుకొనవచ్చును. యంత్రమును వలదనువారు ఈ లెక్కను గూడ మనసున నుంచుకొనవలెను.

తెరపై దిద్దుట

ఇటీవలి మఱియొక పద్ధతిలో జవాబు పుస్తకమునంతటిని స్కానరుతో చిత్రములుగ మార్చి, అధ్యాపకుని ముందున్న కంప్యూటరు తెరపై చూపుదురు. ఆయన తెరపైననే మార్కులు వేయును, కూడిక కంప్యూటరుదే. ఏ పుటనైనను చూడక వదలినచో ముగించుటకు అది ఒప్పుకొనకుండునట్లు ఏర్పాటు చేయవచ్చును. పుస్తకముల మూటలు లారీలలో ఊరూర తిరుగవలసిన పనియు తగ్గును.

ఈ పద్ధతి మంచిదే గాని, తొందర పనికిరాదు. 2017లో ముంబయి విశ్వవిద్యాలయము దీనిని ఒక్కసారిగ తన పరీక్షలన్నింటికి అమలు జరిపెను. దిద్దవలసినవి లక్షల పుస్తకములు. అధ్యాపకులకు తగిన తరిఫీదు లేదు. ఫలితములు నెలల తరబడి ఆలస్యమై, పై చదువులకు పోవలసిన పిల్లలు చిక్కులపాలైరి. నాడు ఆ రాష్ట్ర గవర్నరుగ నున్న మన కరీంనగరు ప్రాంతీయుడు శ్రీ విద్యాసాగరరావుగారు జూలై 31వ తేదీని గడువుగ విధించిరి. అదియు దాటిపోయెను. అక్టోబరులో వైస్-ఛాన్సలరును పదవినుండి తొలగించిరి. ఊరికి క్రొత్త మంచినీటి ట్యాంకు కట్టించినపుడు నీరు సరిగ వచ్చువఱకు పాత బావిని ఎవరును పూడ్చరు గదా! పరీక్షల విషయమునను ఒకటి రెండేండ్లు పాత పద్ధతిని ప్రక్కన నడుపుట వివేకమని మా యభిప్రాయము.

పంచాయతీ చేయగల పనులు

మొదటిది పరీక్షకు ముందే జరుగవలెను. పట్టణపు కోచింగు సెంటరులో చేరిన పిల్లలు వృత్తములు నింపుట పదులసార్లు అభ్యసింతురు. పల్లె పిల్లవాడు పలుమారు ఆ పత్రమును తొలిసారి పరీక్షా మందిరములోనే చూచును. నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు; ఒప్పైన 4 మార్కులు వచ్చును, తప్పైన 1 పోవును. అచట ఒక వరుస జారి నింపినచో ఆపై జవాబులన్నియు జారిపోవును. నమూనా పత్రములను జిరాక్సు తీయించి గ్రంథాలయములోనో, బడిలోనో ఉంచి, గడియారము చూచుకొనుచు నింపుట నేర్పుడని ఉపాధ్యాయులను కోరవచ్చును. కాగితమునకు ఒక రూపాయియో, రెండో అగును. పెన్ను ఏదో, పెన్సిలు కూడునో కూడదో హాల్‌టిక్కెట్టుపై వ్రాసియుండును. దానిని చదివించుట మఱువరాదు.

రెండవది దళారుల సంగతి. "పత్రము ఖాళీగ వదలిపెట్టుము, పిమ్మట మావారు నింపుదురు" అని డబ్బడుగువారు తిరుగుచుందురు. మధ్యప్రదేశమున 2013లో బయటపడిన వ్యాపం కుంభకోణములో నడచిన మోసములలో ఇదియు నొకటి. కొన్ని పరీక్షలలో పత్రముయొక్క కార్బన్ ప్రతిని అభ్యర్థి చేతికి ఇచ్చుటలో గల రహస్యము ఇచటనే యున్నది. తరువాత ఎవరైనను నింపినచో ఆ ప్రతితో పోల్చగానే తెలిసిపోవును. కేంద్ర సంస్థలు నడుపు పరీక్షలలో ఓ.యం.ఆర్. పత్రములను తారుమారు చేసినవారికి 2024లో వచ్చిన చట్టముక్రింద మూడు నుండి ఐదేండ్ల ఖైదు, పది లక్షల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. ముఠాగ చేసినచో ఖైదు పదేండ్ల వఱకు, జరిమానా కోటి రూపాయలకు తక్కువ కాకుండ నుండును. పొలము తాకట్టు పెట్టి ఇట్టివారికి ముడుపు కట్టువారెవరైన మీ యూర నుండిన, ఈ సంగతి ముందుగనే వారి చెవిని వేయుడు.

మూడవది ఫలితములు వచ్చిన పిమ్మటిది. అన్నిటికంటె ఎక్కువగ ఉపయోగపడునది. అనుమానమున్నచో "రీకౌంటింగ్" కోరవచ్చును. ఇందు కూడికను మాత్రమే సరిచూతురు. "రీవెరిఫికేషన్" కోరినచో, దిద్దక వదలిన జవాబులున్నవేమో చూచి, జవాబు పుస్తకపు ప్రతిని గూడ ఇత్తురు. చాలమంది ఈ రెంటికి భేదము తెలియక, చవుకయని మొదటిదానితో సరిపెట్టుకొందురు. సున్న వచ్చినపుడు, మిగిలిన సబ్జెక్టులకు పొసగని మార్కు వచ్చినపుడు, హాజరైనను రానట్లు చూపినపుడు రెండవదానినే కోరవలెను. పదవ తరగతివారు తమ ప్రధానోపాధ్యాయుని ద్వారా, ఇంటర్మీడియేటువారు బోర్డు వెబ్‌సైటులో దరఖాస్తు చేయవలెను. గడువు కొలది దినములే. ఆ తేదీ పత్రికలో వెలువడిననాడే దండోరా వేయించిన, కూలికి పోయిన తల్లిదండ్రులకు గూడ తెలియును.

దిద్దిన జవాబు పుస్తకము అభ్యర్థి చూడదగిన సమాచారమేయని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న సి.బి.యస్.ఇ. వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కావున సమాచార హక్కు చట్టముక్రిందను ప్రతిని అడుగవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఇందు రుసుము లేదు. ముప్పది దినములలో సమాధానము రావలెను. అయితే 2018లో సివిల్ సర్వీసుల పరీక్ష విషయమున ఇదే న్యాయస్థానము అంత సులభముగ ఒప్పుకొనలేదు గనుక, అన్ని పరీక్షలకు ఒకే ఫలము కలుగునని పిల్లలకు మాట యీయరాదు. ఇంకొక చిన్న సంగతి: జవాబు పుస్తకములను నిర్ణీత కాలము మాత్రమే భద్రపఱచి, పిమ్మట నాశనము చేయుదురు. దరఖాస్తు అంతకుముందే చేరవలెను. దానితో హాల్‌టిక్కెట్టు నకలు, మార్కుల పట్టీ నకలు జతపఱచి, రసీదును పిల్లవాని తల్లిదండ్రుల చేతికే ఇప్పింపుడు.