కువైట్ ప్రయాణం: మీ పెట్టె మీరే సర్దుకోండి

రాయచోటి, రాజంపేట, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్‌కు వెళ్లే మన వాళ్లందరూ హ్యాష్ ఆయిల్ గురించి తెలుసుకుని తీరాలి. మీరు దాన్ని జన్మలో ముట్టకపోవచ్చు. కానీ ఎవరో మీ పెట్టెలో పెడితే కేసు మీ మీదే పడుతుంది.

గంజాయిని ద్రావకాల్లో నానబెట్టి, సారం దించితే మిగిలే చిక్కటి నల్లని జిగురే హ్యాష్ ఆయిల్. అల్లూరి జిల్లా ఏజెన్సీలోనూ ఒడిశా సరిహద్దులోనూ పండిన గంజాయి నుంచి దీన్ని తీస్తారు. హైదరాబాద్‌లో పోలీసులు తరచూ పట్టుకునేది 5 మిల్లీలీటర్ల బుల్లి గాజు సీసాల్లో. గంజాయి మూట కట్టాలంటే చోటు కావాలి. ఈ నూనెకు ఆవకాయ డబ్బా అడుగు, కొబ్బరినూనె సీసా చాలు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఒంటికి చేసే చేటూ తక్కువేమీ కాదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ మామూలు గంజాయిలో సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది. గాఢమైన సారంలో 60 శాతం దాటడం మామూలే, 90 దాకా కూడా పోతుంది. ఒక్క దమ్ముకే గుండె దడ, విపరీతమైన భయం, వాంతులు రావచ్చు. కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. పరంజా ఎక్కేవాళ్లకూ, డ్రైవర్లకూ అది ప్రాణాల మీదికి తెచ్చేదే. రోజూ వాడేవాళ్లు మానేసిన తర్వాత కూడా వారాల తరబడి మూత్ర పరీక్షలో దొరికిపోతారు. స్నేహితుడు చేతికిచ్చే వేప్‌ను (ఈ-సిగరెట్‌ను) కూడా నమ్మొద్దు, అందులోనూ ఈ నూనె ఉండొచ్చు. అమెరికాలో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు 2020 ఫిబ్రవరి నాటికి 2,807 నమోదయ్యాయి. వారిలో 68 మంది చనిపోయారు. టీహెచ్‌సీ నూనెలో కలిపిన విటమిన్-ఇ అసిటేటే చాలావరకు కారణమని తేలింది.

కువైట్‌లో మత్తుమందుల చట్టం ఎప్పుడూ కఠినమే. 2025 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం దాన్ని ఇంకా బిగించింది. రవాణా, అమ్మకం నేరాలకు మరణశిక్ష దాకా వేయొచ్చు. అది కాగితం మీది మాట కాదు. మత్తుమందుల కేసులో శిక్షపడిన ఒక శ్రీలంక వాసిని 2023 జూలైలో అక్కడ ఉరితీశారు. జైలు శిక్ష ముగిసిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపించేస్తారు. ఇంటి మీద చేసిన అప్పు మాత్రం ఇక్కడే మిగులుతుంది.

"నాకు తెలియదు" అన్న మాట ఎంత దూరం పనికొస్తుందో ఖతార్ కేసు చెబుతుంది. 2019 జూలైలో దోహాలో దిగిన ముంబై దంపతుల బ్యాగులో 4 కిలోలకు పైగా హషీష్ (గంజాయి బంక) దొరికింది. దగ్గరి బంధువే పొట్లం ఇచ్చి పంపింది. ఇద్దరికీ పదేళ్ల జైలు పడింది. గర్భవతిగా వెళ్లిన భార్య జైల్లోనే బిడ్డను కన్నది. వాళ్లు మోసపోయారని మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దర్యాప్తులో తేలి, 2021లో నిర్దోషులుగా బయటపడేసరికి దాదాపు రెండేళ్లు జైల్లోనే గడిచిపోయాయి.

కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

పెట్టె మీరే సర్దండి, మీరే తాళం వేయండి. మావాడికివ్వమంటూ ఊరివాళ్లు తెచ్చే పచ్చళ్లు, పొడులు, మందులు మొహమాటపడకుండా వద్దనండి. "కస్టమ్స్‌లో ఇబ్బందవుతుందన్నా, ఏమనుకోవద్దు" అంటే సరిపోతుంది. అన్న కోపం నాలుగు రోజుల్లో పోతుంది.

టికెట్ డబ్బులు తానే పెట్టుకుంటాననీ, ఈ బ్యాగు మాత్రం అక్కడ ఇచ్చేయమనీ ఏజెంటు అంటే ఆ ప్రయాణమే మానుకోండి. విమానాశ్రయంలో ముక్కూమొహం తెలియనివాళ్ల సామాను మీ పేరున వేయించుకోవద్దు.

మీ సొంత మందులకూ డాక్టరు చీటీ, బిల్లు వెంట ఉండాలి. ట్రమడాల్, ప్రిగాబలిన్ లాంటి నొప్పి మాత్రలపై అక్కడ గట్టి నియంత్రణ ఉంది. బయల్దేరే ముందే విచారించుకోండి.

కువైట్‌లోని ఫర్వానియాలోనో, జిలీబ్‌లోనో నలుగురు కలిసి ఉండే రూమ్‌లో ఒకరు ఇలాంటిది తెస్తే ఆ రూమ్ వెంటనే ఖాళీ చేయండి. సోదా జరిగితే అది ఎవరిదో తేలేదాకా అందరూ చిక్కుల్లో పడతారు.

ఒకవేళ పట్టుబడితే, అర్థంకాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకండి. అనువాదకుణ్ణి అడగండి. భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని కోరండి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అది మీ హక్కు. పొట్లం ఎవరిచ్చారో చూపే వాట్సాప్ సందేశాలు, కాల్ వివరాలు చెరపొద్దు. ఊళ్లో ఉన్న కుటుంబం పొట్లం ఇచ్చినవాళ్ల మీద వెంటనే స్థానిక పోలీసులకు ఫిర్యాదు చేయాలి, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో కేసు నమోదు చేయాలి.

ఇప్పటికే అలవాటు పడ్డవాళ్లుంటే దాచుకోకండి. సెలవుకు ఇంటికి రాగానే 14446కు ఫోన్ చేయండి, అది మత్తు మానిపించే జాతీయ సహాయ కేంద్రం. మానేశాకే తిరిగి విమానం ఎక్కండి.