నలుగురు పిల్లలూ, రాత్రి ప్రార్థనా

ప్రశ్న: షార్జాలో ఉంటున్నాం. మాకు నలుగురు పిల్లలు. కుటుంబ ప్రార్థన అనగానే పద్నాలుగేళ్ల పెద్దాడు మొహం చిట్లిస్తాడు, చిన్నది నిద్రపోతుంది. ఊళ్లో మేం పెరిగినట్టు వీళ్లను భక్తిలో పెంచడమెలా?

జవాబు: అమ్మా, ఊళ్లో మిమ్మల్ని తాతయ్య, నాయనమ్మ, ఆదివారపు బడి, క్రిస్మస్ నాటకం కలిసి పెంచాయి. షార్జాలో ఆ భారమంతా మీ ఇద్దరిదే. కాబట్టి ప్రార్థన పది నిమిషాలకు కుదించండి. చిన్నది పడుకుంటే పడుకోనివ్వండి. పెద్దాడిని అందరి ముందు గద్దించకండి. వాడి సందేహాలు వాళ్ల నాన్న విడిగా, తీరిగ్గా వినాలి. పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా పాట వస్తుంది. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు రోజూ పాడుకుంటే పిల్లలకు ఇట్టే పట్టుబడతాయి.

2022 జనవరి నుంచి షార్జాలో బడులకు శుక్ర, శని, ఆదివారాలు సెలవు కదా. ఒక రోజు షార్జాలోనే యర్మూక్‌లోని చర్చికో, దుబాయ్ ఊద్ మేథాలోని హోలీ ట్రినిటీకో వెళ్లండి. మూడు రోజులూ కూటాలతో నింపితే మాత్రం పిల్లలకు విసుగే మిగులుతుంది. ఇంట్లో మీ కుటుంబ ప్రార్థనకు ఇబ్బంది లేదు. పదిళ్లవాళ్లను పిలిచి ఆరాధన జరపకండి; ముస్లిమేతరుల ఆరాధన స్థలాలకు అనుమతి తప్పనిసరి.

ఇంకొకటి, మీరు అడగనిది. పెద్ద సంసారాల్లో రెండో అమ్మ పాత్ర తరచూ పెద్ద పిల్లల మీద పడుతుంది. చెల్లిని చూసుకోవడం, తమ్ముడితో వాక్యం కంఠస్థం చేయించడం పెద్దాడికే అప్పజెబుతున్నారేమో చూసుకోండి. ఆ చిట్లింపు దేవుడి మీద కాకపోవచ్చు.